అక్క దేకిన గడ్డి

"ఇంకా ఎవరు దేకుతారని పీకుతన్నారు టీచరమ్మా?" అని మా పక్కింటి అప్పలనాయుడు గోడ మీంచి అడిగేడు నిన్న పొద్దున్న. చేతిలో టీ గ్లాసు, భుజమ్మీద తువ్వాలు. నేను పెరట్లో రెండు చేతులూ రెండు మోకాళ్ళూ నేలకి ఆన్చి పల్లేరు పీకుతన్నాను. నా వయసు ఆడమనిషి అలా పాకుతూ కనిపిస్తే ఎవరైనా అడుగుతారు, అతని తప్పేం లేదు. అతనికి చోడవరం చుట్టూ చెరుకు తోటలున్నాయి, కలుపు సంగతి నాకంటే బాగా తెలుసు. తన వాకిలంతా ఎప్పుడో టైల్స్ వేయించేసేడు, నన్నూ వేయించమని కొన్నాళ్ళుగా పోరుతున్నాడు. అయినా ఆ మాట వినేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ టీ చల్లారిపోతంది, ముందు అది తాగు" అన్నాను. మొహం చిన్నబుచ్చుకుని లోపలికి పోయేడు. మధ్యాహ్నం వాళ్ళావిడ రమణమ్మ చేత ములక్కాడలు పంపించేడు, కోపం లేదని. నాకే సిగ్గేసింది. అతనికి జవాబు చెప్పాలి, కానీ అది గోడ మీంచి చెప్పేది కాదు. అక్క పోయిన ఈ నెలల్లో ఎవరికీ చెప్పలేదు. అందుకే ఇలా కూచుని రాస్తన్నాను.

పల్లేరు అంటే తెలీని పిల్లలు కూడా ఉన్నారిప్పుడు, అదృష్టవంతులు. నేలకి అతుక్కుని చాప పరిచినట్టు పాకుతుంది. చింతాకుల్లాంటి చిన్న చిన్న ఆకులు, మధ్య మధ్య పసుప్పచ్చ పువ్వు, చూస్తే ముద్దొస్తుంది. ఆ పువ్వే కాయవుతుంది. కాయ ఎండి విడిపోతే ముక్క ముక్కకీ ముళ్ళు. అది ఏ పక్కకి దొర్లి పడినా ఒక ముల్లు పైకే చూస్తుంటుంది. చెప్పులేసుకు తిరిగేవాళ్ళకి అదో లెక్కా? సైకిలు ట్యూబు పోయిందని తిట్టుకుంటారు, అంతే. మా ఇంట్లో మాత్రం ఒక పిల్ల అరచేతుల మీద నడిచేది.

ఆ పిల్ల మా అక్క సత్యవతి. మూడో ఏట జొరమొచ్చి తగ్గేసరికి రెండు కాళ్ళూ పడిపోయేయిట. నేను అప్పటికి పుట్టలేదు. నాకు ఊహ తెలిసేసరికి అక్క నేలమీదే ఉంది. చేతులు ముందుకేసి, ఒంటిని ఈడ్చుకుంటూ, గదిలోంచి గదిలోకి దేకేది. అక్కలంటే అందరిళ్ళలోనూ నేలమీదే ఉంటారని అనుకున్నాను చాన్నాళ్ళు. ఎవరింటికో పేరంటానికి వెళ్తే వాళ్ళ పెద్దమ్మాయి నిటారుగా నిలబడి మా అమ్మకి బొట్టు పెట్టింది. నాకు భయమేసి అమ్మ చీర పట్టుకున్నాను.

మా నాన్న తాలూకాఫీసులో గుమాస్తా. సన్నగా, పొడుగ్గా, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని ఉండేవాడు. మాటలు తక్కువ, కోపం ఎక్కువ. ఆ కోపం నాకు వచ్చిందనీ, మాటలు మాత్రం మామ్మవి వచ్చేయనీ అమ్మ అంటుండేది. మామ్మ అంటే నాన్న తల్లి. వంటింటి గడపలో కాళ్ళు చాపుక్కూచుని, ఇంట్లో ఎవరేం చేసినా తన మాట ఒకటి తగిలించందే ఊరుకునేది కాదు. మా పెరడు పెద్దదే. ఆ చివర నుయ్యి, నూతి పక్కన నీళ్ళ పొయ్యి, గోడవార ములగచెట్టు. నేలంతా గొరుసు, గరుకు గులకరాళ్ళు. అక్క పెరటి గుమ్మందాకా దేకి అక్కడ ఆగిపోయేది. నూతి దగ్గర అమ్మా, నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళూ నవ్వుకుంటూ కబుర్లు చెప్పుకుంటుంటే ఇది గుమ్మంలోంచి మెడ చాపి వినేది. సగం మాటలు వినపడేవి కావు. "ఏటన్నాదే? ఏటన్నాది ఆవిడ?" అని నన్ను పరిగెత్తించేది. నేను వెళ్ళి విని, తిరిగొచ్చేలోపు సగం మర్చిపోయేదాన్ని. ఒకరోజు ఆగలేక తనే దిగిపోయింది. నూతిదాకా వెళ్ళేసరికి మోకాళ్ళూ అరచేతులూ చీరుకుపోయి రక్తాలు. అమ్మ ఎత్తుకొచ్చి పసుపద్దుతూ ఏడిచింది. అక్క ఏడవలేదు. "అత్తగారు పెట్టిన పేరు మార్చిందట ఆ కొత్త కోడలు, అదే చెప్తన్నారు" అని నాకు విన్న కబురు అప్పచెప్పింది.

ఆ వారంలోనే నాన్న దొరల కాలం నాటి బంగళాకి పనిమీద వెళ్ళేడు. అక్కడ ఆఫీసర్లు దిగినప్పుడు కూచోడానికి పచ్చగడ్డి పెంచేవారు, కత్తిరించి, నీళ్ళు పెట్టి. నాన్న చెప్పులు విప్పి దానిమీద నడిచేడట. ఇంటికొచ్చి అన్నం దగ్గర కూచుని, కలపకుండా, "దాని మోకాళ్ళకి ఆ గడ్డి ఒత్తదు" అన్నాడు. ఏ గడ్డో, ఎవరి మోకాళ్ళో అమ్మకి అర్థమయ్యేసరికి మామ్మ అందుకుంది.

"ఆవుకెట్టని గడ్డి ఎందుకురా నీకు? ఆ నీళ్ళేవో వంగమొక్కలకి పొయ్యి, కూరైనా వస్తాది."

"మన గుంట నూతిదాకా ఎల్లాలమ్మా" అన్నాడు నాన్న. మామ్మ వంగమొక్కల మాట వదిలేసి, నాన్న కంచంలో పులుసు వడ్డించింది. మా ఇంట్లో అది చాలా అరుదు.

గడ్డి బతకాలంటే గొరుసు నేలకి ఎరువు కావాలి. అమ్మ పుట్టిల్లు బుచ్చయ్యపేట పక్క. మా మావయ్య వచ్చి, "గత్తం బళ్ళు తోలిస్తే ఏటొస్తాది బావా, మంద కట్టించు, నేల ఎన్నపూసయిపోద్ది" అన్నాడు. పొలాల్లో గొర్రెల మందని కట్టించుకుంటారు కదా, పెంటికలూ ఉచ్చా పడి భూమి బలుస్తుందని. పొలంలో చేసేది ఇంటి పెరట్లో చేస్తారా ఎవరైనా? మా నాన్న చేసేడు. వేసవి చివర్న ఒక సాయంత్రం మందని మా సందులోకి తోలించేడు. ఇంటి పక్కవాళ్ళు ముక్కులు మూసుకుని తలుపులేసుకున్నారు. ఆ బొచ్చు కంపు, పెరట్లోంచి వంటింట్లోకీ, వంటింట్లోంచి పరుపుల్లోకీ వచ్చేసింది. మామ్మ కొంగు ముక్కుకడ్డం పెట్టుకుని శాపనార్థాలు. అక్క మాత్రం గుమ్మంలో కూచుని వెలిగిపోయింది. ఆ పెరట్లో తన ఎత్తున్న ప్రాణులు రావడం అదే మొదలు. ఒక పిల్లగొర్రి వచ్చి దాని మొహం మీద మూతి ఆన్చింది. తెల్లారి మంద వెళ్ళిపోయేక నేల నల్లగా ఉంది, నాన్న దాన్ని పిడికిట్లోకి తీసుకుని వాసన చూసి మా అందరికీ చూపించేడు. అంత సంతోషంగా ఆయన్ని నేను అంతకుముందు చూళ్ళేదు.

వడ్డాది వెళ్ళే దారిలో పొలాల గట్లమీంచి గరిక తెచ్చి, జానెడు జానెడు దూరంలో గుచ్చేం అందరం. వానలు పడ్డాయి. గరిక పట్టుకుంది. నాన్నకి జమాబందీ, అదే శిస్తు లెక్కల క్యాంపులొచ్చి ఊళ్ళమ్మట తిరుగుతున్నాడు. గరిక మధ్యలో చింతాకుల్లాంటివేవో లేస్తుంటే అమ్మ తీరినప్పుడల్లా పీకేది, ఎన్నని పీకుతుంది? పశువూ, పొయ్యీ, నేనూ, మామ్మా. మామ్మ కళ్ళకి పొరలు, దూరంనుంచి పచ్చగా ఉందని మురిసిపోయింది. ఒకరోజు గడపలోకి ఎవరో తొక్కి తెచ్చిన రెమ్మని చేత్తో తడిమి కెవ్వుమన్నాది. "ఓలమ్మో, ఇది పల్లేరే! గొర్రి బొచ్చులో ఒచ్చీసింది! సూసుకోండే, గుంటని దింపకండే!"

దింపడమేటి, అప్పటికే దిగిపోయింది. పచ్చగడ్డి చూసి ఆగుతుందా ఆ పిల్ల? పది బారల దూరం వెళ్ళేక అరిచింది. అక్క అంతలా అరవడం నేను మళ్ళీ ఎప్పుడూ వినలేదు. వెనక్కి రావాలన్నా అరచెయ్యి మోపాలి, ముందుకెళ్ళాలన్నా మోపాలి. రెండు చేతులూ గాల్లోకెత్తేసి అలా మధ్యలో ఉండిపోయింది. అమ్మ వెళ్ళి ఎత్తుకునేసరికి దాని మోకాళ్ళనిండా కాయలు అతుక్కుని ఉన్నాయి.

కుడి అరచేతిలో ఒక ముల్లు విరిగి లోపలుండిపోయింది. చీము పట్టి, చెయ్యి మణికట్టుదాకా వాచిపోయి, జొరం. జొరం అన్న మాటకే మా ఇంట్లో అందరి ప్రాణాలూ పోయేవి. జొరమేగా కాళ్ళు పట్టుకుపోయింది. ఆసుపత్రిలో కోసి కట్టు కట్టి, ఇంకో రోజు ఆలస్యమైతే చెయ్యి పోయేదన్నారట. నాన్న క్యాంపు నుంచి వచ్చి ఆ కట్టు చూసేడు. పెరట్లోకి వెళ్ళి ఆ గడ్డి మధ్య కూలబడిపోయేడు. మగాళ్ళు అలా ఏడుస్తారని నాకు తెలీదు. నోరు తెరిచి, చప్పుడు లేకుండా, భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతుంటే. "కాళ్ళు దేవుడు తీసుకున్నాడు, చేతులు నేను తీసీసేవోణ్ణి" అన్నాడు అమ్మతో. నేను నూతి చప్టా వెనక నించుని విన్నాను.

మొత్తం తవ్వించి పారేయమన్నారు అందరూ. నాన్న వినలేదు. ఆ మర్నాటినుంచీ మా ఇంటి సాయంత్రాలు మారిపోయేయి. ఆఫీసునుంచి రాగానే గోనెసంచి నూతి నీళ్ళలో తడిపి, దానిమీద ఒక రాయి పెట్టి, పెరడంతా ఈ చివరినుంచి ఆ చివరికి ఈడ్చేవాడు. తడి గోనెకి పల్లేరుకాయలు కరుచుకునేవి. దాన్ని అరుగుమీద పరిచి, దీపం పెట్టేలోపు అమ్మా మామ్మా నేనూ కూచుని ఒక్కొక్కటీ పీకి ముంతలో వేసేవాళ్ళం. మామ్మ కళ్ళు కనపడకపోయినా అందరికంటే తనే ఎక్కువ తీసేది. ముంత నిండితే నీళ్ళ పొయ్యిలో పోసేవాళ్ళం. అవి పేలుతూ కాలేవి. తడి గోనె వాసన, కాలిన ముళ్ళ వాసన, ఏరుతూ, తిట్టుకుంటూ మామ్మ పాడే పాటలు. ఇప్పటికీ ఏ బజార్లోనైనా తడిసిన గోనె వాసనొస్తే నా వేళ్ళు వాటంతటవే చిటుక్కుమంటాయి.

గోనె పనయ్యేక నాన్న చెప్పులు విప్పి, ఉత్త కాళ్ళతో పెరడంతా నడిచేవాడు. వరసలు వరసలుగా, నాగలి సాళ్ళు వేసినట్టు, అడుగు వదలకుండా. గోనెకి దొరకని ముల్లు తన కాలికి దొరకాలని. తరవాత అరుగుమీద కూచుంటే అమ్మ పిన్నీసుతో ఆయన అరికాళ్ళలోంచి తీసేది. ఒక్కొక్కటీ బయటికొచ్చినప్పుడు అరచేతిలో పెట్టించుకుని చూసి, "ఇది దానికి గుచ్చుకోవల్సింది" అనేవాడు. ఏళ్ళతరబడి చేసేడు ఆ పని. ఆయన అరికాళ్ళు జల్లెళ్ళయిపోయేయి.

పసుప్పచ్చ పువ్వు కనిపిస్తే కాయ కట్టకముందే మొక్క లాగెయ్యాలి. ఆ పువ్వు అందరికంటే ముందు అక్కకే కనిపించేది, నేలకి దగ్గరగా ఉండేది కదా. గుమ్మంలోంచి "అదిగో, ములగ మొదట్లో! అదిగో, పొయ్యి పక్కన!" అని కేకలేసేది. మేం పరిగెత్తేవాళ్ళం. తుంగ జోలికి మాత్రం మామ్మ వెళ్ళనిచ్చేది కాదు. నాన్నకి అది కూడా కలుపే, గరికని మింగేస్తుందని తవ్వబోతే, "దానికి ముల్లుందేట్రా? దాని గడ్డలు నాకు సున్నిపిండిలోకి కావాల" అని అడ్డంగా కూచునేది. మా లాను అలా సగం గరిక, సగం తుంగతోనే పెరిగింది. బంగళా తోటమాలి చూస్తే నవ్విపోయేవాడు.

అక్క మళ్ళీ దిగింది. కానీ ఒక అలవాటుతో దిగింది. చెయ్యి మోపే ముందు ఆ చేత్తో నేలని నెమ్మదిగా, పైపైన, చక్రంలో సగంలా ఒకసారి తుడిచేది. ఏమీ లేదని తేలితేనే బరువు వేసేది. మళ్ళీ తుడవడం, మళ్ళీ ఒక అడుగు. "అలుకుతన్నావేటే?" అని అమ్మ వేళాకోళమాడేది. గచ్చు మీదైనా, చాప మీదైనా అదే. చూసి చూసి మాకూ వచ్చేసింది. నాన్న ఆఫీసులో కుర్చీ తుడిచి కూచుంటే శుభ్రం ఎక్కువని అనుకునేవారట. నేను బళ్ళో పాఠం చెప్పిన రోజులన్నీ బల్ల మీద చెయ్యి రాసే కూచున్నాను.

గడ్డి అయితే వచ్చింది గాని నీడ లేదు. ఎండకి పిల్ల మాడిపోతుందని పందిరి వేయించేడు నాన్న. దానిమీదికి ఏ తీగ ఎక్కించాలన్నది మా ఇంట్లో పెద్ద తగువు. మామ్మకి చిక్కుడు పాదు కావాలి. "పువ్వుని కూరొండుకుంటావేటి?" అని ఆవిడ వాదన. చిక్కుడుకి గొంగళి పురుగులు, అవి కిందున్న పిల్లమీద పడతాయి అని అమ్మ. కాగితంపూలు వేద్దామంటే దానికీ ముళ్ళేనాయె. రాధామనోహరం బాగుంటుంది, గుత్తులు గుత్తులు, కానీ పందిరంతా తేనెటీగలు. శంఖుపూలకి వాసన లేదు. కె.కోటపాడు నుంచి మా బడికొచ్చే దానమ్మ పంతులమ్మగారు సన్నజాజి అంటు ఇస్తానన్నారు. జాజి వాసనకి పాము వస్తుందని మామ్మ మళ్ళీ మొదలెట్టింది. నేలమీదుండే పిల్ల ఇంట్లో ఆ భయం ఉత్తుత్తి భయం కాదు. అందరూ అక్క చుట్టూ నించుని అరుచుకుంటున్నారు, దాన్ని అడిగినవాళ్ళు లేరు. ఆఖరికి అదే నాన్న పంచె లాగింది.

"ఏది కిందకి రాలిపోద్ది నాన్నా?"

"ఏటి?"

"పువ్వు. నాకు పైకి అందదు కదా. దానంతటదే రాలిపోయీది ఎయ్యి."

జాజి సాయంత్రం విచ్చి, తెల్లారేసరికి రాలుతుంది. జాజే వేసేం. పాము భయానికి నాన్న తీగ మొదట్లో ఆకూ కొమ్మా లేకుండా నడుమెత్తుదాకా కోసి, అడుగు కనపడేలా ఉంచేవాడు. పందిరి నిండేక ఒక కట్టడి పెట్టేడు. ఇంట్లోవాళ్ళుగానీ, అడగొచ్చినవాళ్ళుగానీ తీగమీద చెయ్యి వెయ్యకూడదు. రాలినవే పువ్వులు, అవన్నీ అక్కవి. ఊళ్ళో ఆడవాళ్ళందరూ సాయంత్రం మొగ్గలు కోసి కట్టుకుంటే, మా ఇంటి ఆడవాళ్ళం తెల్లారి రాలిన పువ్వులు పెట్టుకునేవాళ్ళం. అక్క తెల్లారగానే దేకుతూ, తుడుస్తూ, ఏరుతూ, ఒళ్ళో పోసుకుని అరటినారతో మాల కట్టేది. బడికి వెళ్ళేసరికి నా జడలో అవి సగం వాడిపోయేవి, పిల్లలు నవ్వేవారు. మామ్మకి ఇంకో బాధ. రాలిన పువ్వు దేవుడికెలా పెడతానని సణిగి సణిగి, కొన్నాళ్ళు బయట కొనుక్కుని, ఆఖరికి అక్క కట్టిన మాలే పటానికి వేసేసింది. "ఆయనకీ తెలుసులే, నేలమీదవని" అంది.

అదీ మా అక్క బాల్యం, నా బాల్యం. తరవాత అక్క చేత్తో తిప్పే కుట్టుమిషను నేర్చుకుని, చోడవరంలో సగంమంది ఆడవాళ్ళకి జాకెట్లు కుట్టింది. అమ్మా నాన్నా మామ్మా ఒకరి తరవాత ఒకరు వెళ్ళిపోయేరు. మా ఆయన పోయేక, బడి పని అయిపోయేక, నేనొచ్చి అక్కతో ఉండిపోయేను. గోనె ఈడ్చే పని నాన్న తరవాత నాది. మూడు చక్రాల బండి వచ్చింది అక్కకి, వీధిలోకి దానిమీదే వెళ్ళేది. ఇంట్లో, పెరట్లో మాత్రం నేలే. "బండెక్కితే ఊరు కనపడతాది, నేల కనపడదు" అనేది.

ఈ ఏడు శివరాత్రి దాటగానే అక్కకి ఆయాసం మొదలైంది. విశాఖపట్నం ఆసుపత్రిలో గుండె బలహీనపడిపోయిందన్నారు. అక్కడే ఉండిపోయేం, వేసవంతా. అక్కని జబ్బుకంటే మంచం ఎక్కువ బాధపెట్టింది. పుట్టి ఇన్నేళ్ళూ నేలని అంటిపెట్టుకున్న మనిషి, ఆ ఎత్తుమీద కళ్ళు మూసుకోవడానికి భయపడేది. "పడిపోతానే, పట్టుకోవే" అని నా కొంగు వదిలేది కాదు. ఒకరోజు డాక్టరుగారు నన్ను బయటికి పిలిచి, ఇంక మేం చేసేదేం లేదమ్మా, ఇంటికి తీసుకెళ్ళండి అన్నారు. లోపలికెళ్ళి ఇంటికెళ్తన్నాం అని మాత్రం చెప్పేను. అక్క నా మొహం చూసింది.

"అక్కడ కూడా మంచమెక్కించీకే" అంది. "జాజి కింద, గడ్డి మీద దింపీ."

ఎల్లుండికి అంబులెన్సు మాట్లాడి, పక్కింటి రమణమ్మని పిలిపించి అక్క దగ్గరుంచి, ఇల్లు సర్దడానికి నేను ముందు బస్సులో వచ్చేను. పెరటి తలుపు తీసేను. పల్లేరు. వేసవిలో నీళ్ళు లేక గరిక ఎండి బొచ్చులా పడుంది, మధ్యలో పడ్డ వానలకి దానిమీదనుంచి పల్లేరు పరుచుకుపోయింది. పసుప్పచ్చగా, నవ్వుతున్నట్టు. దానికింద అప్పుడే రాలి ఎండిన కాయలు. జాజి కొమ్మలు కట్టెలైపోయేయి, నూతి గోడవైపు ఒక్క కొమ్మ పచ్చగా ఉంది. గుమ్మంలో కూలబడిపోయేను. ఒక్కమాట అడిగింది, బతుకంతటికీ ఒక్కమాట, అదీ తీర్చలేనా? అది చెయ్యి మోపితే చాలు, గుచ్చుకుంటుంది. దేవుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టేను. కొన్ని మాటలు మామ్మకి కూడా రావు.

అప్పలనాయుడు గోడ మీంచి చూసి, "ఎందుకేడుస్తారు టీచరమ్మా, చెరుక్కి కొడతన్న మందుంది, ఓ ట్యాంకు కొట్టీమంటారా? సాయంత్రానికి తల వాల్చేస్తాది" అన్నాడు. ఒక్క క్షణం ఊ అనబోయేను. మందుకి ఆకు వాడుతుంది, ముల్లు వాడుతుందా? ఆ విషమంతా గడ్డికి పడుతుంది, ఆ గడ్డిమీదే కదా అక్క అరచెయ్యి పెట్టేది? ఆ చిన్న కొమ్మ జాజి కూడా పోతుంది. వద్దన్నాను. గోనెసంచి ఉంటే ఇమ్మన్నాను. వాళ్ళింట్లో అన్నీ ప్లాస్టిక్ సంచులు. ఊళ్ళోకి స్కూటరేసుకెళ్ళి, ఎవరి కొట్లోనో అడిగి, పాత గోనె ఒకటి తెచ్చిపెట్టేడు.

ఆ పూటా, మర్నాడు రోజంతా పీకేను, ఈడ్చేను. గోనెకి కరిచినవి ఏరడానికి అరుగుమీద అప్పుడు ముగ్గురం ఉండేవాళ్ళం, ఇప్పుడు నేనొక్కర్తిని. పీకి బకెట్లో వేస్తుంటే కళ్ళు చెదిరిపోయేవి. అంతా అయిందనుకున్నాక నాన్న చేసినట్టు చెప్పులు విప్పి నడవబోయేను. అప్పుడు గుర్తొచ్చింది. నాకు షుగరు. అరికాళ్ళు మొద్దుబారి ఏళ్ళయింది. నాలుగు వరసలు నడిచి, కాలెత్తి చూసుకుంటే మూడు ముళ్ళు దిగి ఉన్నాయి, రక్తం కారుతోంది, నాకు తెలీనే లేదు. నాన్న అరికాళ్ళు నాకు లేవు. ఆ నేల పరీక్షించడానికి నా ఒంట్లో పనికొచ్చే కాళ్ళు లేవు. అంత నిస్సహాయంగా నేను అమ్మ పోయిన రోజు కూడా లేను.

ఇంకేం చేస్తాను? చేతులకి తెలుస్తుంది కదా. మోకాళ్ళమీదికి దిగేను. దిగుతుంటేనే అరిగిపోయిన కీళ్ళు అరిచేయి. చెయ్యి చాచి, నేలని పైపైన తుడిచి, బరువు వేసి, మళ్ళీ తుడిచి, ఒక అడుగు. గుమ్మంనుంచి జాజి దాకా, జాజి నుంచి నూతి దాకా. ఇన్నేళ్ళు ఆ ఇంట్లో ఉన్నాను, ఆ పెరడు ఆ ఎత్తునుంచి ఎప్పుడూ చూళ్ళేదు. నూతి గట్టు కొండంతుంది. ఇల్లు చాలా దూరంలో ఉంది. ప్రతి అడుక్కీ భయమే. బతుకంతా ఇలాగేనా అక్కా నువ్వు, ఇలా భయపడుతూనేనా, అని అడిగేను గట్టిగా, ఎవరూ లేని పెరట్లో. గుచ్చుకున్నప్పుడల్లా ముల్లు లాగి బకెట్లో వేసేను. "ఇది దానికి గుచ్చుకోవల్సింది" అన్న మాట నా నోటినుంచి దానంతటదే వచ్చింది.

తెల్లారి జాజి కింద కొన్ని పువ్వులు రాలి ఉన్నాయి. ఒక్క కొమ్మ పాపం, ఎన్ని రాలుస్తుంది? ముట్టుకోకుండా అలాగే ఉంచేను.

అంబులెన్సు వచ్చేసరికి ఎండెక్కింది. అక్క ఎంత తేలికైపోయిందంటే అప్పలనాయుడు ఒక్కడే ఎత్తుకుని పెరట్లోకి తీసుకొచ్చేడు. నేను బొంత పరిచేను. దాన్ని తీసీమని చేత్తో సైగ చేసింది. తీసేను. గడ్డిమీద, గోడకి చేరగిల్లేలా దింపేం. ఆసుపత్రి వదిలినప్పట్నుంచీ బిగపట్టుకున్న ఊపిరి వదిలినట్టు వదిలింది. రమణమ్మా అప్పలనాయుడూ లోపలికెళ్ళేరు. అక్క కళ్ళు మూసుకుంది. తరవాత చెయ్యి కదిలింది. వేళ్ళు ఒక పువ్వుకి తగిలేయి, తీసి ఒళ్ళో వేసుకుంది. మళ్ళీ చెయ్యి చాచింది, తన పక్కన నేలమీద పెట్టి, నెమ్మదిగా, పైపైన తుడవడం మొదలెట్టింది. ఎక్కడో ఒకటి మిగిలే ఉంటుంది. నాకు కనపడనిది, నా చేతికి దొరకనిది ఒకటి ఉండే ఉంటుంది. "వద్దక్కా" అన్నాను. వినలేదు. నీరసంతో చెయ్యి ఆగుతోంది, మళ్ళీ సాగుతోంది. ఎప్పటికంటే పెద్ద చక్రం తుడిచింది. దేకడానికి అంత మేర అక్కర్లేదు. ఎటు వెళ్దామనుకుంటోందో నాకు అర్థం కాలేదు.

ఆఖరికి చెయ్యి ఆగింది. తుడిచిన చోట రెండుసార్లు తట్టి, తలెత్తి నాకేసి చూసింది.

"కూచోయే" అంది. "నే సూసేను. ముల్లు లేదు."

కూచున్నాను.